ఓసారి స్టార్ట్ అవుద్ది, ఓసారి అవ్వదు

బండి కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే అండీ, మాది తణుకు దగ్గర పల్లెటూరు. 2014 మోడల్ పెట్రోల్ కారు, మాన్యువల్ గేరు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పొద్దున్నే తీస్తే ఏ గొడవా లేకుండా స్టార్ట్ అవుద్ది. ఓ పాతిక కిలోమీటర్లు వెళ్లి బండి ఆపి, టీ తాగొచ్చి మళ్లీ తాళం తిప్పితే మాత్రం "టక్" అని ఒక్క సౌండ్ వచ్చి ఊరుకుంటది. నాలుగైదు సార్లు తిప్పితే ఏదో ఒకసారికి అందుకుంటది. బ్యాటరీ కొత్తది వేయించినా తగ్గలేదు. ఒక మెకానిక్ ఇంజన్‌ని మొదట తిప్పే సెల్ఫ్ మోటారు మొత్తం మార్చాలంటాడు, ఇంకో ఆయన ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్ పోయిందంటాడు, షెడ్డుకి తీసుకెళ్తే బుద్ధిమంతుడిలా ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుద్ది. మొన్న మా బావమరిది పెళ్లిచూపులకి వెళ్లి, వచ్చేటప్పుడు పిల్ల తరఫు వాళ్లచేత తోయించాల్సొచ్చింది. ఏం చేయమంటారు?

జవాబు: పెళ్లిచూపుల్లో తోయించారంటే పరువు సంగతి కాబట్టి కాస్త వివరంగానే చెప్తానండి. ముందు ఈసీఎం మాట పక్కన పెట్టేయండి. ఆ టక్ ఇంజన్ కింద వైపు నుంచి గట్టిగా వినిపిస్తోందంటే అది సెల్ఫ్ మోటారు మీద ఉండే సోలినాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) చప్పుడు, అంటే తాళం, రిలే (సోలినాయిడ్‌కి కరెంటు పంపే చిన్న స్విచ్చు), క్లచ్ స్విచ్, కంప్యూటర్ అన్నీ వాటి పని అవి చేసి కరెంటు అక్కడిదాకా పంపించేశాయన్నమాట. అలా కాకుండా ఫ్యూజ్ బాక్స్ దగ్గర సన్నగా టిక్ అంటే అది రిలే శబ్దం, అప్పుడు లెక్క వేరు. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయిందనో టెర్మినల్ లూజనో అనుకోవాలి. అసలు చప్పుడే లేకపోతే తాళం వైపు నుంచి వెతుక్కుంటూ రావాలి, అలాంటప్పుడు ఒకసారి కాళ్ల కింద కూడా చూడండి, కొన్ని కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కితే తప్ప సెల్ఫ్ తీసుకోదు, మనమేమో మ్యాట్ మీద మ్యాట్ వేసి పెడల్ కిందిదాకా వెళ్లకుండా చేస్తాం.

ఈసారి మొరాయించినప్పుడు కంగారుపడి తాళం అదే పనిగా తిప్పకుండా హెడ్‌లైట్లు వేసి, ఎదురుగా గోడ ఉంటే దాని మీద వెలుగు చూస్తూ ఒక్కసారి సెల్ఫ్ కొట్టండి. టక్ అన్నప్పుడు వెలుగు బాగా పడిపోతే బ్యాటరీలో గానీ టెర్మినల్స్‌లో గానీ లోపం, లేదంటే మోటారే బిగుసుకుపోయి కరెంటు విపరీతంగా లాగుతోంది. వెలుగు చెక్కుచెదరకుండా అలాగే ఉండి టక్ మాత్రమే వస్తే మోటారులోకి కరెంటే పోవట్లేదు, అంటే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు గానీ, మోటారు లోపల కరెంటు అందించే కార్బన్లు గానీ, ఇంజన్‌ని బ్యాటరీ మైనస్‌కి కలిపే ఎర్తింగ్ గానీ పాడైనట్టు. ఈ ఒక్క ముక్క పట్టుకెళ్లి మెకానిక్‌కి చెప్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే షెడ్డులో స్టార్ట్ అయ్యే బండిలో ఆయనకి మాత్రం ఏం కనిపిస్తుంది చెప్పండి, అందుకే ఒకాయన సెల్ఫ్ అంటాడు ఒకాయన ఈసీఎం అంటాడు.

మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం మటుకు సోలినాయిడ్ మీదే. దాని లోపల రెండు రాగి కాంటాక్టులు, వాటిని కలిపే ఒక రాగి బిళ్ల ఉంటాయి. తాళం తిప్పిన ప్రతిసారీ ఆ బిళ్ల వచ్చి కాంటాక్టులకి కొట్టుకుంటుంది, వందకు పైగా ఆంపియర్లు దాని మీదుగానే వెళ్తాయి, ఏళ్ల తరబడి నిప్పురవ్వలు పడీ పడీ అక్కడక్కడ గుంటలు పడి నల్లబడిపోతుంది. కాలిన చోట తగిలితే టక్ అని ఆగిపోతుంది, బిళ్ల కొద్దిగా తిరిగి మంచి చోట తగిలితే స్టార్ట్ అవుద్ది. నాలుగైదు సార్లకి అందుకోవడం అందుకే. మరి వేడి మీదే ఎందుకంటే, రాగి తీగ ఎంత వేడెక్కితే కరెంటుకి అంత అడ్డం చెప్తుంది, ఇరవై డిగ్రీల నుంచి వంద డిగ్రీలకి పోతే దాదాపు 30 శాతం పెరుగుతుంది, దాంతో సోలినాయిడ్ కాయిల్ లాగే బలం తగ్గి బిళ్ల గట్టిగా నొక్కుకోదు. పైగా ఇంజన్ ఆపేశాక ఫ్యాన్ గాలి, బయటి గాలి ఏదీ ఉండదు కాబట్టి బోనెట్ కింద వేడి తగ్గకపోగా కాసేపు పెరుగుతుంది, సరిగ్గా మీరు టీ తాగొచ్చే టైముకన్నమాట.

అయితే మోటారు దింపించే ముందు ఒక చిన్న పరీక్ష ఉంది, మామూలు మల్టీమీటర్ చాలు, బండి బాగా స్టార్ట్ అవుతున్న రోజు కూడా దీంతో దొంగ దొరికే అవకాశం ఉంది. మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి ఒక వైరు బ్యాటరీ మైనస్ ముక్కు మీద (క్లాంపు మీద కాదు, సీసం ముక్కు మీదే), రెండోది ఇంజన్ ఇనుము మీద పెయింటు లేని చోట గట్టిగా ఆనించి, ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. మోటారు తిరుగుతున్నంతసేపూ రీడింగ్ 0.2 వోల్టులు, ఆ చుట్టుపక్కల ఉంటే పర్లేదు. అర వోల్టు దాటిందా, ఎర్తింగ్ పట్టీయో టెర్మినలో తినేస్తోందని అర్థం. చాలామంది మీటరుని ఓమ్స్‌లో (కరెంటుకి ఎంత అడ్డముందో కొలిచే చోట) పెట్టి వైర్ చూసి బాగానే ఉందనేస్తారు, ఆ మీటరు పంపేది చీమ తలకాయంత కరెంటు, అందులో ఏం తెలుస్తుంది, 0.01 ఓమ్ తేడా ఉన్నా 150 ఆంపియర్లు పోయేటప్పుడు ఒకటిన్నర వోల్టు అక్కడే హరీమంటుంది. అలాగే రాత్రంతా ఆపి ఉంచిన బండికి బ్యాటరీ 12.6 దగ్గర చూపించాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. బ్యాటరీ కొత్తదే అన్నారు, కానీ పాత క్లాంపుల్నే తుడవకుండా బిగించేసి పంపిస్తుంటారు. తెల్లగా పచ్చగా పొడి పడితే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, లోపలి వైపు మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వాజలైన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ ఆఖరున, లేకపోతే ప్లస్ విప్పుతూ పానా బాడీకి తగిలితే నిప్పులే.

ఇవన్నీ బాగుంటే అప్పుడు సెల్ఫ్ దింపించండి, కానీ కొత్త మోటారు వద్దు. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కాంటాక్టులు, కార్బన్లు వేయించి, బుష్‌లు చూడమంటే సాధారణంగా చాలా తక్కువలో పోతుంది. వెళ్లేటప్పుడు పొద్దున్నే చల్లటి బండి తీసుకెళ్లకండి, బాగా తిప్పి వేడి మీద తీసుకెళ్లి అక్కడే పది నిమిషాలు ఆపి ఉంచి, ఆయన ముందే సెల్ఫ్ కొట్టండి. ఈలోగా ఎవరో చెప్పారని మోటారుని సుత్తితో బాదకండి, చాలా మోటార్లలో లోపల అయస్కాంతాలు పెళుసుగా ఉంటాయి, పగిలితే అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి.

ప్రశ్న: మాది హైదరాబాద్. బటన్ స్టార్ట్ కారు. అప్పుడప్పుడు కీ కనపడట్లేదని స్క్రీన్ మీద వస్తుంది, కీ నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుంది. షోరూమ్‌లో చూపించమంటారా?

జవాబు: ముందు కీలో బటన్ సెల్ మార్చండి మేడమ్, చాలావాటిలో సీఆర్ 2032 ఉంటుంది, కీ విప్పితే సెల్ మీదే రాసుంటుంది, వాచీల షాపులో దొరుకుతుంది. ఫోను, కీ ఒకే అరలో పెట్టకండి, ఫోన్ ఛార్జర్ పక్కన అసలే వద్దు. దారిలో ఆగిపోతే కీనే స్టార్ట్ బటన్‌కి ఆనించి బ్రేక్ తొక్కి నొక్కండి, చాలా కార్లలో సెల్ పూర్తిగా అయిపోయినా ఇలా పనిచేస్తుంది, మీ కార్లో కీ ఆనించే చోటు వేరుగా ఉంటే మాన్యువల్‌లో రాసుంటుంది. రెండో కీతో కూడా ఇలాగే చేస్తే అప్పుడు షోరూమ్.

ప్రశ్న: విజయవాడ నుంచి. సీఎన్‌జీ కారు అన్నా. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది గానీ పొద్దున పూట ఇంజన్ అందుకోదు, ఒక్కోరోజు వెంటనే, ఒక్కోరోజు పది సెల్ఫ్‌లు.

జవాబు: పెట్రోల్ ముల్లు ఎక్కడుందో రాయలేదు తమ్ముడూ, రిజర్వ్‌లోనే ఉండుంటుందిలే. గ్యాస్ బండే అయినా చాలావరకు పెట్రోల్ మీద స్టార్టయి తర్వాత గ్యాస్‌కి మారుతుంది, ట్యాంకులోని పంపు చల్లబడేది కూడా ఆ పెట్రోల్‌తోనే, ఎప్పుడూ అడుగున రెండు లీటర్లతో తిప్పితే పంపు పాడవుద్ది. కీ ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు వైపు చెవి పెట్టు, రెండు సెకన్లు సన్నగా జుయ్‌మని పంపు పలకాలి. పలక్కపోతే ఫ్యూజు, రిలే, తర్వాత పంపు. పలికితే కీని మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టు, దాంతో ఒక్కసారికే అందుకుంటే రాత్రిపూట లైన్‌లో ప్రెషర్ దిగిపోతోంది, పంపు వాల్వ్ గానీ ఇంజెక్టర్ గానీ కారుతోంది. ఇంజెక్టరయితే స్టార్టవగానే పెట్రోల్ వాసన, నల్లపొగ వస్తాయి. ముందు పావు ట్యాంకు పెట్రోల్ కొట్టించి, వారం చూసి మళ్లీ రాయి.