వాచీలో షుగర్ 128, నాన్నకేమో చెమటలు!

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్లు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటారు. షుగర్ కూడా చూపిస్తుందంటే ఆన్‌లైన్‌లో ఓ స్మార్ట్‌వాచీ కొనిచ్చాను. మొన్న పొద్దున వాకింగ్‌లో చేతులు వణికి, చెమటలు పట్టి కూర్చుండిపోయారు. వాచీలో మాత్రం 128 ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుందా?
- ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: సరిపోదండీ. వాచీ వెనక వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం పారే తీరును బట్టి గుండె వేగాన్ని లెక్కగడుతుంది. రక్తంలో గ్లూకోజ్ ఎంతుందో దానికి తెలియదు. చర్మానికి గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అడుగులు లెక్కపెట్టుకోవడానికి వాచీ ఉంచుకోండి, యాప్‌లో ఆ షుగర్ అంకెను మాత్రం ఈరోజే ఆపేయండి. 128 చూసి 'ఏం కాలేదులే' అని నాన్నగారు నడక సాగించి ఉంటే? తలచుకుంటేనే భయమేస్తోంది.

వణుకు, చెమట షుగర్ పడిపోయే లక్షణాలు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లకు నడకలో ఇలా జరగొచ్చు. వెంటనే కూర్చుని, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాలాగి గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 కంటే తక్కువుంటే మళ్లీ తాగాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఇకనుంచి బయల్దేరే ముందే వేలు గుచ్చి చూసుకుని, 90 లోపు ఉంటే ఏదైనా తిని వెళ్లమనండి. మొన్న జరిగింది డాక్టరుకు తప్పక చెప్పండి, మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు.

గ్యాడ్జెటే కావాలంటే చేతికి అంటించుకుంటే రోజంతా షుగర్ చూపే సీజీఎం సెన్సర్ గురించి డాక్టరునే అడగండి. అది చర్మం కింది ద్రవంలో గ్లూకోజ్‌ను కొలుస్తుంది కాబట్టి, జోరుగా నడిచేటప్పుడు రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. తెరమీద 95 ఉండి, పక్కన బాణం నిట్టనిలువుగా కిందికి చూస్తుంటే షుగర్ వేగంగా పడిపోతోందని అర్థం. అప్పుడు అంకెను కాదు, బాణాన్ని నమ్మాలి. అలారం ఉన్న సెన్సరైతే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. లేదంటే ఫోనే యాప్‌ను నిద్రపుచ్చి, అలారం మోగనివ్వకపోవచ్చు.

నాన్నగారి ఫోన్‌లో ఎమర్జెన్సీ సమాచారం దగ్గర 'డయాబెటిస్, గ్లిమెపిరైడ్' అని, మీ నంబరు రాసిపెట్టండి. లాక్ తీయకుండానే ఎవరైనా చూడగలరు. నడకకు వెళ్లేటప్పుడు వాట్సాప్‌లో గంటపాటు లైవ్ లొకేషన్ పంపమనండి. ఫోన్‌తోపాటు జేబులో గ్లూకోజ్ పొడి పొట్లం కూడా ఉండాలి.