ఫెయిరీ ఒరాకిల్ కార్డులు: తియ్యటి మాటల కంటే తుంటరి ముఖాలే నాకు పనికొచ్చాయి

మీరు అడిగినవి రెండు. జోస్యానికి వాడే టారో కార్డులంటే భయంగా ఉంది, వాటి బదులు ఫెయిరీల (పాశ్చాత్య జానపద కథల్లోని మాయాజీవుల) బొమ్మలున్న ఒరాకిల్ కార్డులతో మొదలుపెట్టవచ్చా అన్నది ఒకటి. అవి చెప్పింది జరుగుతుందా అన్నది రెండోది. ఇలాంటి డెక్‌లు, అంటే కార్డుల కట్టలు, నా దగ్గర రెండు ఉన్నాయి, కొన్నేళ్లుగా వాడుతున్నాను. మొదలుపెట్టవచ్చు, భయపడాల్సిందేమీ లేదు. కాకపోతే ఏ డెక్ ఎంచుకుంటారన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇక జరగబోయేది చెప్పడం వాటి వల్ల కాదు. అయినా అవి నాకు చాలా మేలు చేశాయి. అది ఎలాంటి మేలో చెబితే మీకే ఒక అంచనా వస్తుంది.

ముందు టారోకీ వీటికీ తేడా చెబుతాను. టారోలో మామూలుగా 78 కార్డులు. అందులో 22 పెద్ద కార్డులు, మిగతా 56 పేకముక్కల్లాగే నాలుగు జాతులుగా ఉంటాయి. 15వ శతాబ్దంలో ఇటలీలో ఆడుకునే ఆటగా పుట్టిన ఈ కార్డులను జోస్యానికి వాడటం 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. అంత కాలంగా వస్తున్న పద్ధతి కాబట్టి ఒక డెక్ నేర్చుకుంటే ఇంకోటి చదవడం తేలిక. ఒరాకిల్ డెక్‌కి అలాంటి కట్టుబాటు లేదు. ఎన్ని కార్డులుండాలి, వాటి పేర్లేమిటి, ఏ బొమ్మకి ఏ అర్థం అన్నది తయారుచేసినవాళ్ల ఇష్టం. బట్టీ పట్టాల్సింది లేదు, కొన్న రోజే వాడటం మొదలుపెట్టవచ్చు. కానీ దాని వెనుక సంప్రదాయం అంటూ ఏదీ లేదు కాబట్టి, గీసినవాళ్లూ రాసినవాళ్లూ ఎంత లోతుగా ఆలోచించారో అంతే లోతు మీకు దొరుకుతుంది.

నేను మొదట కొన్నది చాలా అందమైన డెక్. పూరేకుల మీద నిద్రపోయే ఫెయిరీలు, వెన్నెల్లో నాట్యం చేసేవాళ్లు, మంచుబిందువులు, సీతాకోకచిలుక రెక్కలు. ప్రతి కార్డు అడుగున ఒక చిన్న వాక్యం: విశ్రాంతి తీసుకో, నిన్ను నువ్వు నమ్ము, క్షమించు, ముందుకు సాగు. మనసు బాగోలేని రోజుల్లో పొద్దున్నే ఒక కార్డు తీసి చూసుకుంటే నిజంగానే హాయిగా ఉండేది. ఆ హాయిని నేను తక్కువ చేయను. కొందరికి కావాల్సింది అదే, దానికైతే ఆ డెక్ బ్రహ్మాండంగా సరిపోతుంది.

అసలు ఇబ్బంది ఇంకొకరికి చూసినప్పుడు తెలిసింది. నా స్నేహితురాలికి తన అన్నయ్యతో పెద్ద గొడవ అయింది, మాటలు ఆగిపోయాయి. తనే అడిగితే మూడు కార్డులు తీశాను. ఒకటి ప్రేమ గురించి, ఒకటి వెలుగు గురించి, మూడోది నమ్మకం గురించి. తను మూడూ చూసి, "బొమ్మలు బాగున్నాయే" అని కింద పెట్టేసింది. ఆ తర్వాత మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు. తన మనసంతా కోపంతో ఉడికిపోతోంది, ఆ కోపాన్ని తాకే బొమ్మ ఒక్కటీ అక్కడ లేదు. ఆ రాత్రి కార్డులన్నీ ముఖం పైకి పెట్టి నేలంతా పరిచాను. కోపంగా ఉన్న ముఖం ఒక్కటైనా ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఏడ్చే ముఖం లేదు, అసూయపడే ముఖం లేదు, అబద్ధమాడే ముఖం లేదు. అన్నీ నవ్వుతున్నాయి, లేదంటే కళ్లు మూసుకున్నాయి.

ఇది నాకు మరీ వింతగా అనిపించింది. ఎందుకంటే పాత కథల్లో ఫెయిరీలు ఇలా ఉండవు. ఐర్లాండ్, స్కాట్లండ్ పల్లెల్లో జనం వాటిని పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. "మంచివాళ్లు", "మంచి ఇరుగుపొరుగు" అనేవాళ్లు. ప్రేమతో కాదు, వింటే ఎక్కడ కోపం తెచ్చుకుంటాయోనన్న భయంతో. పసిబిడ్డను ఎత్తుకుపోయి ఆ స్థానంలో తమ పిల్లను పడుకోబెడతాయని నమ్మేవాళ్లు, అందుకే ఉయ్యాల దగ్గర ఇనుప వస్తువు ఉంచేవాళ్లు. పొలం మధ్యలో ఒంటరిగా ఉన్న హాథార్న్ అనే ముళ్లచెట్టును కొట్టడానికి వెనకాడేవాళ్లు. స్కాట్లండ్‌లోని అబర్‌ఫోయిల్ మతగురువు రాబర్ట్ కర్క్ 1691లోనే తన చుట్టుపక్కల జనం నమ్మకాలను శ్రద్ధగా రాసిపెట్టాడు. సాయం చేసినవాళ్లకి ప్రతిఫలం ఇచ్చేవీ, మాట తప్పితే పగబట్టేవీ, ఊరికే ఆటపట్టించేవీ, అన్నీ వాటిలో ఉండేవి.

పూల మధ్య తిరిగే చిట్టి రెక్కల ఫెయిరీ ప్రధానంగా 19వ శతాబ్దపు బొమ్మల నుంచీ నాటకాల నుంచీ మనదాకా వచ్చింది. 1923లో సిసిలీ మేరీ బార్కర్ మొదటి పుష్పదేవతల పుస్తకం వచ్చాక ఆ రూపం ఇంకా స్థిరపడింది. ఆమె బొమ్మలంటే నాకు ఎంతో ఇష్టం. ప్రతి పువ్వునూ, ఆకునూ వృక్షశాస్త్రం ఒప్పుకునేంత కచ్చితంగా గీసింది. కానీ అవి పిల్లల కోసం గీసినవి. పెద్దవాళ్ల గొడవలకి అదే రూపాన్ని తెచ్చి, దానికి ఓదార్పు వాక్యం ఒకటి తగిలిస్తే అది ఆ గొడవల బరువు మోయలేదు.

రెండో డెక్ బ్రయన్ ఫ్రౌడ్ బొమ్మలతో వచ్చిన 'ది ఫెయిరీస్ ఒరాకిల్'. వెలువడింది 2000లో, మొత్తం 62 కార్డులు, వివరణ పుస్తకం రాసింది జెస్సికా మక్‌బెత్. ఫ్రౌడ్ 1978లోనే అలన్ లీతో కలిసి ఫెయిరీల మీద బొమ్మల పుస్తకం చేసినవాడు, ఆ లోకం ఆయన చేతికి బాగా అలవాటు. ఈ డెక్‌లో దయగల ముఖాలూ ఉన్నాయి, వాటి పక్కనే వంకర ముక్కులు, జిత్తులమారి చూపులు, ఏదో దాచిపెట్టినట్టున్న నవ్వులూ ఉన్నాయి. బొమ్మ మూలల్లో ఇంకా చిన్న చిన్న ముఖాలు దాగి ఉంటాయి, రోజూ చూసే కార్డులోనే ఒక్కోసారి కొత్తది కనిపిస్తుంది.

అందులో 'గ్లూమినస్ డూమ్' అని ఒక కార్డుంది. పేరులోనే దిగులంతా ఉంది. మా ఆఫీసులో పని పెరిగిపోయి, నిద్ర సరిగ్గా లేక, అన్నిటికీ విసుక్కుంటున్న రోజుల్లో నాకు ఆ కార్డు వచ్చింది. దాన్ని చూడగానే ఊపిరి తేలికపడింది. నువ్వు దిగులుగా ఉన్నావు అని ఎవరో సూటిగా అన్నట్టుంది, దాన్ని దాచాల్సిన పనిలేదన్నట్టుంది. "అంతా మంచే జరుగుతుంది" అన్న కార్డు ఆ రోజు వచ్చి ఉంటే నేను దాన్ని పక్కన పడేసేదాన్ని. ఈ కార్డు వచ్చింది కాబట్టి కూర్చుని, ఈ దిగులు దేని వల్ల, ఇందులో నేను మార్చగలిగింది ఎంత అని రాసుకున్నాను. మర్నాడు సెలవు అడిగాను. అందుకే ఎవరైనా అడిగితే నేను గట్టిగా చెప్పేది ఇదే: మీ మనసులో ఉన్న చెడ్డ భావాలకు కూడా చోటిచ్చే డెక్ తీసుకోండి.

అలాగని మొదటి డెక్‌ని మూలన పడేయలేదు, వాడే తీరు మార్చుకున్నాను. ఇప్పుడు ఏ డెక్ అయినా కార్డు తీయగానే పుస్తకం తెరవను. కింద రాసిన వాక్యాన్ని బొటనవేలితో మూసేస్తాను. బొమ్మలో నా చూపు ముందు ఎక్కడ పడింది? ఎవరు ఎవరిని చూస్తున్నారు? చేతిలో ఏముంది? ఈ బొమ్మలో నేనుంటే ఎక్కడ ఉంటాను? తోచింది రెండు ముక్కలు నోట్‌బుక్‌లో రాస్తాను. ఆ తర్వాతే పుస్తకం. రెండూ కలవకపోతే నేను నాకు తోచినదాని వైపే ఉంటాను, ఎందుకంటే ఒరాకిల్‌లో పుస్తకం మాట కూడా ఒక మనిషి అభిప్రాయమే.

దీనికి ఒక ఉదాహరణ. నాకు ఇంకో విభాగంలో పెద్ద బాధ్యత ఇస్తామన్నారు. అందరూ అభినందిస్తున్నారు, నాకు మాత్రం లోపల ఏదో గుబులు. మొదటి డెక్‌లోంచే ఒక కార్డు తీశాను. గుమ్మంలో నిలబడిన ఫెయిరీ, కింద "ముందుకు సాగు" అని రాసి ఉంది. వాక్యం మూసి చూస్తే, ఆమె కాళ్లు బయటికి ఉన్నాయి గానీ తల వెనక్కి తిరిగి ఉంది. నాకు గుచ్చుకున్నది ఆ తల తిరిగిన తీరు. కొత్త పని గురించి నాకు భయం లేదు, ఇన్నాళ్లూ కలిసి పనిచేసినవాళ్లను వదిలి వెళ్లడమే బాధ అని అప్పుడు అర్థమైంది. ఆ బాధ ఏమిటో తెలిశాక వాళ్లతో కూర్చుని మాట్లాడాను, కొత్త పనికి సరేనన్నాను. కార్డు మీద అచ్చేసిన మాట ఒక్కటే చదివి ఉంటే ఇదంతా నాకు తట్టేది కాదు.

ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యం. "నాకు ఈ సంబంధం కుదురుతుందా?" అంటే ఏ బొమ్మకైనా అవుననో కాదనో ఏదో ఒక అర్థం లాగుతాం. "ఈ సంబంధం గురించి నేను ఎవరికీ చెప్పని భయం ఏమిటి?" అని అడిగితే అదే బొమ్మ వేరేగా పనిచేస్తుంది. నేను ఎక్కువగా ఒక్క కార్డే తీస్తాను. మూడు తీస్తే కథ అల్లడం మీదకి మనసు పోతుంది.

ఇక నిజమవుతాయా అన్న సంగతి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఫలితం అంటూ అందరికీ ఒకే వర్ణన ఇచ్చాడు. అది మీ గురించి ఎంత సరిగ్గా చెప్పిందో అయిదుకి మార్కులు వేయమంటే సగటున 4.26 వచ్చింది. "నీలో బయటపడని శక్తి చాలా ఉంది" లాంటి మాటలు ఎవరికైనా నప్పుతాయి. ఒరాకిల్ కార్డు మాటలూ ఆ కోవలోవే. నా నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంటాను కాబట్టి, వెనక్కి తిప్పి చూస్తే ఏమాత్రం సంబంధం లేని కార్డులు కూడా బోలెడు కనిపిస్తాయి. రాసుకోకపోతే తగిలినవే గుర్తుంటాయి.

బొమ్మ అందంగా ఉంటే నమ్మడానికి మనసు తొందరపడుతుంది కూడా. ఇంగ్లండ్‌లోని కాటింగ్లీలో 1917లో 16 ఏళ్ల ఎల్సీ రైట్, 9 ఏళ్ల ఫ్రాన్సెస్ గ్రిఫిత్స్ అనే అక్కాచెల్లెళ్ల వరసవాళ్లు ఫెయిరీలతో ఫొటోలు తీశారు. ఒక పిల్లల పుస్తకంలోని బొమ్మలు చూసి గీసి, కత్తిరించి, పిన్నులతో నిలబెట్టిన కాగితాలవి. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కానన్ డాయల్ అంతటివాడు నమ్మి 1920లో పత్రికలో రాశాడు. కాగితం బొమ్మలేనని ఆ అక్కాచెల్లెళ్లు ఒప్పుకున్నది 1983లో. డాయల్‌ని చూసి నాకు నవ్వు రాదు, జాలేస్తుంది. కొడుకునీ తమ్ముడినీ పోగొట్టుకుని, ఈ లోకానికి అవతల ఇంకేదో ఉందని ఎంతగానో ఆశపడిన మనిషి. మనమూ బాగా దిగులులో ఉన్నప్పుడు కార్డుల దగ్గరికి వెళ్తాం కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. అందుకే టెన్షన్‌లో ఒకే ప్రశ్నకి మళ్లీ మళ్లీ కార్డు తీయడం మొదలైతే డెక్ పెట్టెలో పెట్టేస్తాను. ఆరోగ్యం, కోర్టు, డబ్బు విషయాలకి అసలు తీయను. ఒకావిడ వాళ్ల అమ్మగారి ఆపరేషన్ గురించి చూడమని అడిగితే, "కార్డు వద్దు, కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం రండి" అన్నాను. ఆవిడకి కావాల్సింది కూడా అదే.

కొనేముందు వీలైతే కార్డులన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూపించే వీడియో చూడండి. పెట్టె మీద బొమ్మ చూసి నిర్ణయించుకోవద్దు. మాట తీసేస్తే బొమ్మ మీతో ఏమైనా చెబుతోందా, ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయా అని గమనించండి. కొన్నిట్లో అంచు డిజైనూ రాతా కలిసి బొమ్మను మింగేస్తాయి. ఒరాకిల్ కార్డులు చాలావరకు టారో కార్డుల కంటే వెడల్పుగా ఉంటాయి, చిన్న చేతులతో పేకలా కలపడం కష్టం. నేను గుడ్డ మీద పరిచి రెండు చేతులతో కలిపేస్తాను. బంగారు అంచు ఉన్నవైతే మొదట్లో అంటుకుని ఉంటాయి, ఓపిగ్గా ఒక్కోటీ విడదీయాలి.

టారో భయం గురించి ఒక మాట. మీ భయం మరణం కార్డు గురించే అయితే, దాన్ని సాధారణంగా ఒక దశ ముగిసి ఇంకోటి మొదలవడంగా చదువుతారు, ప్రాణం పోవడంగా కాదు. అయినా బొమ్మ చూస్తేనే గుండె దడ వస్తోందంటే బలవంతంగా వాడొద్దు, ఫెయిరీ డెక్‌తోనే మొదలుపెట్టండి. మొదటి డెక్ సొంతంగా కొనుక్కోకూడదు, ఎవరైనా బహుమతిగా ఇవ్వాలి అని కొందరు మిమ్మల్ని ఆపుతారు. అలాంటి నియమం ఏదీ లేదు. ఆ బొమ్మలను రోజూ చూడాల్సింది మీరు కాబట్టి మీరే చూసి కొనుక్కోండి.