శ్రీచరణి బౌలింగ్‌కు కొలబద్ద ఏది?

ప్రశ్న: కడప జిల్లా స్పిన్నర్ శ్రీచరణి 2025 వన్డే ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీశారు. ఆమె అంతర్జాతీయ క్రికెట్ ఆ టోర్నీతోనే మొదలైందా? ఆ ఏడాది ఆమె బౌలింగ్‌లో దేన్ని మేలైనదిగా చెప్పవచ్చు? - ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ప్రపంచకప్ కంటే అయిదు నెలల ముందే మొదలైంది. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెకు చెందిన శ్రీచరణి మొదట్లో ఫాస్ట్ బౌలింగ్ వేసి, వికెట్లు పడక స్పిన్‌కు మారారు. మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 55 లక్షల రూపాయలకు తీసుకుంది. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీలంకపై తొలి వన్డే, జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్‌పై తొలి టీ20 ఆడారు. ఆ టీ20లో 12 పరుగులకే 4 వికెట్లు, అయిదు మ్యాచ్‌ల సిరీస్ మొత్తంలో 10 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద సిరీస్‌గా నిలిచారు.

రెండో ప్రశ్నకు చాలామంది నాటింగ్‌హామ్ పేరే చెబుతారు. నా ఓటు మాత్రం మనం ఓడిపోయిన మ్యాచ్‌కే. ప్రపంచకప్‌లో అక్టోబరు 12న విశాఖలో భారత్ 330 పరుగులు చేస్తే, ఆస్ట్రేలియా 49 ఓవర్లలోనే 331 కొట్టి గెలిచింది. అలిస్సా హీలీ 142 పరుగులతో మన బౌలర్లను చితకబాదిన ఆ రాత్రి శ్రీచరణి 10 ఓవర్లు వేసి 41 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీశారు. హీలీ వికెట్ కూడా ఆమెదే. మిగిలిన 39 ఓవర్లలో 290 పరుగులు, అంటే ఓవర్‌కు ఏడుకు పైగా వచ్చాయని గుర్తుంచుకుంటే, ఓవర్‌కు నాలుగు చొప్పున ఇవ్వడం ఎంత కష్టమో తెలుస్తుంది. పైగా నాటింగ్‌హామ్‌లో 210 పరుగులు చేసిన జట్టు తరఫున బంతి పట్టారు, తరుముకొచ్చే పరుగుల భయం అక్కడ లేదు (అందువల్ల ఆ నాలుగు వికెట్లు తేలికైనవని కాదు).

నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాతో జరిగిన ఫైనల్లో 48 పరుగులిచ్చి ఒక్క వికెట్టే తీశారు. అది అన్నెకె బాష్‌ది, పరుగులేమీ చేయకుండానే ఎల్బీడబ్ల్యూ (వికెట్లకు తగలాల్సిన బంతి కాలికి తగిలి ఔటవడం). శ్రీచరణి లాంటి ఎడమచేతి స్పిన్నర్ వేసిన బంతి నేలను తాకాక కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా పోతుంది కనుక బ్యాట్ కూడా అటే వెళ్తుంది. తిరుగుతుందనుకున్న బంతి తిరగకుండా సూటిగా దూసుకొస్తే ప్యాడ్‌కు తగులుతుంది. బౌలర్ ముందు వేసిన బంతులు తిరిగి ఉంటేనే బ్యాటర్ ఆ ఉచ్చులో పడేది.