ఎయిర్ బ్యాగ్ లైటు: ‘సెన్సర్ పోయింది’ అని మీరు రాయొద్దు

ప్రశ్న: మాది ఖమ్మం. 2022 జూలైలో హైదరాబాద్‌లో రూ. 11 లక్షలు పెట్టి మూడేళ్ల వారంటీతో కారు కొన్నాను. 2024 నవంబరులో డ్యాష్‌బోర్డు మీద ఎయిర్ బ్యాగ్ హెచ్చరిక లైటు వెలగడం మొదలైంది. మూడుసార్లు తీసుకెళ్తే రీసెట్ చేసి పంపారు. ఇప్పుడేమో పక్క ఎయిర్ బ్యాగ్ సెన్సర్ పోయింది, వారంటీ అయిపోయింది, రూ. 38 వేలు కట్టమంటున్నారు. పిల్లల్ని ఎక్కించాలంటే మా ఆవిడకు టెన్షన్. తెలిసిన మెకానిక్ వైరింగ్ మార్చి లైటు ఆర్పేస్తానంటున్నాడు. మోసం చేసిన షోరూమ్‌పై కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. మోసం అనే మాట మాత్రం వదిలేయండి, దాన్ని రుజువు చేయలేరు. మీ కేసంతా మీరు పంపిన మొదటి జాబ్ కార్డు (బండిని రిపేరుకు తీసుకున్నప్పుడు షోరూమ్ వాళ్లు రాసిచ్చే కాగితం) మీదే నిలుస్తుంది. 2024 నవంబరు 18 తేదీతో, ఫిర్యాదు గడిలో ‘ఎయిర్ బ్యాగ్ లైటు వెలుగుతోంది’ అని వాళ్లే రాశారు. వారంటీ ఉండగానే చెప్పారనడానికి అదే సాక్ష్యం.

మిగతా రెండుసార్లు జాబ్ కార్డు రాయించుకోకుండా తాళాలు ఎలా ఇచ్చి వచ్చారండీ? పదకొండు లక్షల బండికి ఒక కాగితం అడగలేకపోయారా? ఆ రోజుల వాట్సాప్ మెసేజ్‌లైనా వెతకండి. అవి ఉన్న ఫోన్ అమ్మకండి. ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు అవి ఫోన్‌లోంచి తీసినవేనని ధ్రువీకరించే, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి.

‘సెన్సర్ చెడిపోయింది’ అని ఫిర్యాదులో రాయొద్దు. అది వాళ్ల మాట, దానికి స్కాన్ రిపోర్టు (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చూపే కాగితం) కూడా ఇవ్వలేదు. వైరు దెబ్బతిన్నా, సీటు కింద కనెక్టర్ వదులైనా అదే లైటు వెలుగుతుంది. రేపు ల్యాబ్‌లో కనెక్టర్ లోపమని తేలితే మీ కేసు చిక్కుల్లో పడుతుంది. ‘లైటు వెలుగుతోందని చెప్పినా కారణం కనుక్కోకుండా కోడ్ చెరిపి పంపారు’ అని రాయండి. అది సేవాలోపం, కారణం ఏదైనా నిలుస్తుంది. ఎయిర్ బ్యాగులు తెరుచుకోని ఒక కారు కేసులో 2022లో సుప్రీంకోర్టు, ఢీకొన్న వేగం, బలం లెక్కగట్టడానికి వినియోగదారుడేమీ భౌతికశాస్త్ర నిపుణుడు కాదంది. లోపం ఎక్కడుందో తేల్చే భారం మీరు నెత్తిన వేసుకోకండి.

ఆ మెకానిక్‌ను బండి ముట్టుకోనివ్వకండి. లైటు ఆరుతుంది, లోపం అలాగే ఉంటుంది, ప్రమాదం జరిగిన రోజు ఎయిర్ బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. పైగా కేసు వినే వినియోగదారుల కమిషన్ బండిని పరీక్షకు పంపితే, బయటివాళ్లు చెయ్యి పెట్టారని అవతలి లాయర్ ఒక్క ముక్క చెబుతాడు. దానికి మీ దగ్గర జవాబుండదు.

గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69. మొదటి జాబ్ కార్డు నుంచే లెక్కేసుకుని 2026 నవంబరు మొదటి వారంలోపే వేసేయండి. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే వీలుంది కానీ దాన్ని నమ్ముకోవద్దు.

ముందు డీలర్‌కూ తయారీ కంపెనీకీ రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. కదలకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయండి. మీ నివాసం అక్కడే కాబట్టి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఫీజు రూ. 400.

పిల్లల కోసం అంతదాకా ఆగలేమంటే డబ్బు కట్టి బాగుచేయించుకోండి. అయితే కోడ్ చెరపకముందే తేదీ, ఛాసిస్ నంబరు, కిలోమీటర్లతో స్కాన్ రిపోర్టు తీసుకోండి. బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం చేయండి. తీసేసిన పాత సెన్సర్‌ను సీలు వేయించి ఇంటికి తెచ్చుకోండి.