ఎక్సెల్‌లో కోడ్ రాసేవారికి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ రెండు రకాలు. ఏళ్ల తరబడి నడిచిన మాక్రో (ఎక్సెల్ పనులను తనంతట చేసే చిన్న ప్రోగ్రాం) ఉన్నట్టుండి ఆగిపోయిందని కొందరు రాశారు. కొత్తగా వచ్చిన సదుపాయం అనుకున్నట్టు పనిచేయడం లేదని ఇంకొందరు. చాలావాటిలో చిక్కు కోడ్‌లో లేదు, ఆ కోడ్ ఎక్కడ నడుస్తోందన్న దాంట్లో ఉంది. మాక్రోలు రాసే వీబీఏ భాష మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఎక్సెల్‌లోని పైథాన్ క్లౌడ్‌లో నడుస్తుంది. ఎక్సెల్ పనులకు రాసే మరో రకం కోడ్ ఆఫీస్ స్క్రిప్ట్. దాన్ని మీరు చేత్తో నడిపితే ఒకలా, పవర్ ఆటోమేట్ (పనులను వరుసగా తనంతట నడిపే మైక్రోసాఫ్ట్ సేవ) నడిపితే ఇంకోలా ప్రవర్తిస్తుంది. భాష ఎంచుకునే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

ప్రశ్న: ఈమెయిల్‌లో వచ్చిన మాక్రో ఫైల్ తెరిస్తే పైన ఎర్ర పట్టీ వస్తోంది. పాత పసుపు పట్టీలో ఉండే 'ఎనేబుల్ కంటెంట్' బటన్ లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను ముందే ఆపేసే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2022లో తెచ్చింది. బయటి నుంచి దిగిన ఫైల్‌కు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ఎక్సెల్ చూసేది దాన్నే. ఫైల్‌ను ఎక్సెల్‌లో మూసేసి, దాని మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని జనరల్ పేజీ అడుగున ఉన్న 'అన్‌బ్లాక్' గడిలో టిక్ పెట్టి ఓకే నొక్కండి. పంపినవారు ఎవరో, ఆ ఫైల్ ఎందుకు పంపారో తెలిసినప్పుడే ఈ పని చేయండి.

జిప్‌లో వచ్చినవాటికి క్రమం ముఖ్యం. ముందు జిప్‌ను అన్‌బ్లాక్ చేసి ఆ తర్వాత విప్పండి. ముందే విప్పితే లోపలి ఫైళ్లకూ గుర్తు అంటుకుంటుంది, ఒక్కోదాన్నీ విడిగా సరిచేయాల్సి వస్తుంది. రోజూ ఇలాంటి ఫైళ్లతో పని ఉంటే ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్ వరుసలో వెళ్లి, 'ట్రస్టెడ్ లొకేషన్స్'లో ఒక ప్రత్యేక ఫోల్డర్‌ను చేర్చుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మాత్రం ఎప్పుడూ చేర్చవద్దు. అలా చేస్తే ఈ రక్షణ మొత్తం తీసేసినట్టే. మీ మాక్రో పదుల మందికి వెళ్లేదైతే డిజిటల్ సంతకమే సరైన దారి. ఆఫీస్‌తో వచ్చే సెల్ఫ్‌సర్ట్‌తో చేసుకున్న సంతకం సొంత యంత్రంలో పరీక్షకు సరిపోతుంది, పంపిణీకి పనికిరాదు.

ప్రశ్న: వీబీస్క్రిప్ట్‌ను విండోస్ నుంచి తీసేస్తారట. మా వీబీఏ మాక్రోలన్నీ ఆగిపోతాయా?

జవాబు: ఆగవు. వీబీఏ ఆఫీస్ లోపలి భాష, వీబీస్క్రిప్ట్ విండోస్‌తో వచ్చే భాష, రెండూ వేర్వేరు. అయితే మీ వీబీఏ కోడ్ రెండు చోట్ల వీబీస్క్రిప్ట్ మీద ఆధారపడి ఉండవచ్చు. ఒకటి, షెల్ ఆదేశంతో వీబీఎస్ (వీబీస్క్రిప్ట్ కోడ్ ఉన్న) ఫైల్‌ను నడపడం. రెండోది, దీన్నే చాలామంది గమనించరు, టెక్స్ట్‌లో నమూనాలు వెతకడానికి వాడే రెగ్‌ఎక్స్‌ప్ వస్తువు (ఆబ్జెక్ట్). అది ఇన్నాళ్లూ వీబీస్క్రిప్ట్ లైబ్రరీ నుంచే వచ్చేది.

2023 అక్టోబర్‌లో వీబీస్క్రిప్ట్‌ను విరమణ జాబితాలో చేర్చారు. విండోస్ 11లోని 24హెచ్2 వెర్షన్‌లో అది విడి భాగంగా మారింది, ప్రస్తుతానికి ఆన్‌లోనే ఉంటుంది. దాదాపు 2027లో దాన్ని ముందే ఆఫ్ చేసి ఇస్తామని, ఆ పై దశలో పూర్తిగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కాబట్టి కంగారు అక్కర్లేదు, కానీ ఇప్పుడే లెక్క తీసుకోవడం మంచిది.

ఆల్ట్, ఎఫ్11 నొక్కి ఎడిటర్ తెరవండి. కంట్రోల్, ఎఫ్ నొక్కి 'కరెంట్ ప్రాజెక్ట్' ఎంచుకుని వీబీస్క్రిప్ట్ అన్న మాట కోసం వెతకండి. తర్వాత టూల్స్‌లోని రిఫరెన్సెస్ తెరిచి 'మైక్రోసాఫ్ట్ వీబీస్క్రిప్ట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ 5.5'కు టిక్ ఉందేమో చూడండి. టిక్ ఉండి, ఆ లైబ్రరీ యంత్రంలో లేకపోతే జాబితాలో దాని ముందు 'మిస్సింగ్' అని పడుతుంది. అప్పుడు లెఫ్ట్, డేట్ వంటి మామూలు ఫంక్షన్ల దగ్గర కూడా 'ప్రాజెక్ట్ లేదా లైబ్రరీ దొరకలేదు' అనే తప్పు వస్తుంది. దోషం ఒకచోట, కేక ఇంకోచోట. అందుకే వెతికేవాళ్లు గంటలు పోగొట్టుకుంటారు.

పరిష్కారం ఇప్పటికే ఆఫీస్‌లో ఉంది. మైక్రోసాఫ్ట్ 365 వెర్షన్ 2508 నుంచి రెగ్‌ఎక్స్‌ప్ తరగతి వీబీఏలోనే భాగమైంది. పాత రిఫరెన్స్ టిక్ తీసేసి, క్రియేట్‌ఆబ్జెక్ట్ ఉన్న చోట 'న్యూ రెగ్‌ఎక్స్‌ప్' అని రాస్తే చాలు. వెర్షన్ ఎంతో ఫైల్, అకౌంట్ పేజీలో ఉంటుంది. మీ ఫైల్ వాడేవారిలో ఒక్కరి దగ్గర పాత వెర్షన్ ఉన్నా వారికి 'యూజర్ డిఫైన్డ్ టైప్ నాట్ డిఫైన్డ్' అనే కంపైల్ తప్పు వస్తుంది. అందరూ మారేవరకు పాత పద్ధతినే ఉంచండి. డిక్షనరీ, ఫైల్‌సిస్టమ్ ఆబ్జెక్ట్ ఉండేది స్క్రిప్టింగ్ రన్‌టైమ్ అనే వేరే లైబ్రరీలో. వాటిని ఈ లెక్కలో కలపకండి.

కొన్ని చోట్ల మాక్రో అవసరమే తీరిపోవచ్చు. మైక్రోసాఫ్ట్ 365 ఎక్సెల్‌లో ఇప్పుడు రెజెక్స్‌టెస్ట్, రెజెక్స్‌ఎక్స్‌ట్రాక్ట్, రెజెక్స్‌రీప్లేస్ అనే మూడు ఫంక్షన్లు ఉన్నాయి. వీటిలో నమూనాలు వెతికేది పీసీఆర్‌ఈ2 ఇంజిన్. వీబీస్క్రిప్ట్‌లో లేని 'వెనక్కి చూసే' (ముందున్న అక్షరాలను బట్టి వెతికే) నమూనాలు కూడా ఇందులో పనిచేస్తాయి. మార్చేటప్పుడు రెండు తేడాలు గుర్తుంచుకోండి. పాత వస్తువులో 'గ్లోబల్' గుణాన్ని ట్రూ చేయకపోతే మొదట దొరికింది ఒక్కటే మారేది, రెజెక్స్‌రీప్లేస్ మాత్రం చెప్పకపోయినా అన్నింటినీ మారుస్తుంది. రెజెక్స్‌ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చేది ఎప్పుడూ టెక్స్టే. అంకెలు తీసి కూడాలంటే దాన్ని వేల్యూ ఫంక్షన్‌లో పెట్టాలి, లేకపోతే సమ్ సున్నా చూపిస్తుంది.

ప్రశ్న: లాంబ్డా (సొంత ఫంక్షన్ తయారుచేసుకునే ఫంక్షన్) రాసి ఎంటర్ నొక్కితే #కాల్క్! వస్తోంది. ఫార్ములాలో తప్పు కనిపించడం లేదు.

జవాబు: తప్పు లేదు, మీరు ఫంక్షన్‌ను తయారుచేశారు కానీ పిలవలేదు. =లాంబ్డా(ధర, శాతం, ధర*(1-శాతం)) అని ఆపితే ఎక్సెల్ దగ్గర గడిలో చూపించడానికి విలువ లేదు. చివర (500, 0.1) తగిలించండి, 450 వస్తుంది. ఇలా గడిలో పరీక్షించి, సరిగ్గా ఉందని తేలాక చివరి బ్రాకెట్ లేకుండా కాపీ చేసి, కంట్రోల్, ఎఫ్3 నొక్కి నేమ్ మేనేజర్‌లో ఒక పేరు కింద అతికించండి. ఆ పుస్తకంలో (వర్క్‌బుక్‌లో) ఎక్కడైనా ఆ పేరును మామూలు ఫంక్షన్‌లా వాడుకోవచ్చు.

నేమ్ మేనేజర్ పెట్టెలో బాణం మీట నొక్కితే కర్సర్ కదలదు, గడి చిరునామా వచ్చి ఫార్ములా మధ్యలో పడుతుంది. ముందుగా ఎఫ్2 నొక్కండి. పెద్ద ఫార్ములాలైతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎక్సెల్ ల్యాబ్స్ యాడ్‌ఇన్‌లో రాయడం ఎంతో హాయి. వరుసలు విడగొట్టి, లోపలికి జరిపి రాసుకోవచ్చు.

పారామీటర్ల (ఫంక్షన్‌కు ఇచ్చే విలువల) పేర్లలోనూ ఒక ఉచ్చు ఉంది. ట్యాక్స్ అన్న ఇంగ్లిష్ మాట పక్కన 1 పెట్టి పేరుగా ఇస్తే ఎక్సెల్ ఒప్పుకోదు. నిలువు వరుసల పేర్లు ఎక్స్‌ఎఫ్‌డీ దాకా వెళ్తాయి కాబట్టి అది నిజంగానే ఒక గడి చిరునామా. ఒక్కో వరుస మీద లాంబ్డాను నడిపే బైరో లోపల ఒక్కో వరుసకు ఒకే విలువ రావాలి, రెండు వస్తే మళ్లీ అదే #కాల్క్!. లాంబ్డా తనను తానే పిలుచుకునేలా రాస్తే లోతు పెరిగేకొద్దీ #నమ్! వస్తుంది. వీలున్నంతవరకు దానికి బదులు, విలువలను ఒక్కొక్కటిగా తీసుకుని లెక్కించే రెడ్యూస్, స్కాన్ ఫంక్షన్లు వాడండి. ఇంకో పుస్తకంలోకి తీసుకెళ్లాలంటే ఆ పేరు వాడిన షీట్‌ను కాపీ చేయండి, పేరు కూడా వెంట వెళ్తుంది. అయితే అది నకలు మాత్రమే. అసలులో తర్వాత చేసిన సవరణ అక్కడికి చేరదు. ఎక్సెల్ 2021లో లెట్ (ఫార్ములా లోపల విలువకు పేరు పెట్టే ఫంక్షన్) ఉంది కానీ లాంబ్డా లేదు, ఫైల్ పంపే ముందు అవతలివారి వెర్షన్ అడగండి.

ప్రశ్న: ఆఫీస్ స్క్రిప్ట్ నేను నడిపితే బాగానే పనిచేస్తుంది, కాస్త నెమ్మది. పవర్ ఆటోమేట్‌లో పెడితే వేరే షీట్‌లో రాస్తోంది, లేదా మధ్యలో ఆగిపోతోంది.

జవాబు: రెండు ఫిర్యాదులకూ కారణాలు వేరు. ముందు షీట్ సంగతి. పవర్ ఆటోమేట్ నడిపేటప్పుడు తెర ముందు ఎవరూ ఉండరు, కాబట్టి 'ఇప్పుడు తెరిచి ఉన్న షీట్' అన్న మాటకు అర్థం ఉండదు. గెట్‌యాక్టివ్‌వర్క్‌షీట్ అడిగితే పుస్తకంలోని మొదటి షీట్ చేతికి వస్తుంది. గెట్‌వర్క్‌షీట్‌తో పేరు చెప్పి తెచ్చుకోండి. ఆ పేరుతో షీట్ లేకపోతే 'అన్‌డిఫైన్డ్' వస్తుంది కాబట్టి వెంటనే పరీక్షించి, స్పష్టమైన సందేశంతో ఆపండి. పట్టికలకూ ఇదే నియమం.

ఇక వేగం. లూప్ లోపల ఒక్కో గడిని గెట్‌వేల్యూతో చదవడం, సెట్‌వేల్యూతో రాయడం దీనికి మూలం. ప్రతి పిలుపూ స్క్రిప్ట్‌కూ పుస్తకానికీ మధ్య ఒక ప్రయాణం. 2,000 వరుసలు, 5 నిలువు వరుసలు ఉంటే 10,000 సార్లు చదవాలి. లూప్‌కు ముందే మొత్తం ప్రాంతాన్ని గెట్‌వేల్యూస్‌తో ఒక్కసారి తెచ్చుకోండి. లెక్కలన్నీ అలా వచ్చిన అరే (విలువల జాబితా)లోనే చేసి, చివర సెట్‌వేల్యూస్‌తో ఒక్కసారి రాయండి. అరే కొలతలు, రాయబోయే ప్రాంతం కొలతలు సరిగ్గా సరిపోవాలి, ఒక్క వరుస తేడా ఉన్నా తప్పు చూపుతుంది. పవర్ ఆటోమేట్‌లో స్క్రిప్ట్‌కు 120 సెకన్ల గడువు ఉంటుంది. మీది మధ్యలో ఆగేది బహుశా అక్కడే. ఈ ఒక్క మార్పుతో చాలా స్క్రిప్టులు గడువులోకి వచ్చేస్తాయి.

తేదీలు ఇంకో తలనొప్పి. గెట్‌వేల్యూస్ తేదీని అంకెగా ఇస్తుంది. 2024 జనవరి 1 అంటే 45292. దాన్ని జావాస్క్రిప్ట్ తేదీగా మార్చాలంటే 25569 తీసేసి, 86400తో, తర్వాత 1000తో గుణించాలి. పవర్ ఆటోమేట్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) కాలాన్నే పాటిస్తుంది కాబట్టి అర్ధరాత్రి దగ్గరి సమయాల్లో తేదీ ఒక రోజు అటూఇటూ కావచ్చు. మార్పిడి అంతటా యూటీసీ పద్ధతులనే వాడండి. స్క్రిప్ట్‌లో ఫెచ్‌తో బయటి సైట్ నుంచి సమాచారం తెస్తుంటే, అది చేత్తో నడిపినప్పుడే పనిచేస్తుంది. ఫ్లోలో (పవర్ ఆటోమేట్ పనుల వరుసలో) దానికి విడిగా హెచ్‌టీటీపీ దశ పెట్టి, ఫలితాన్ని స్క్రిప్ట్‌కు పారామీటర్‌గా ఇవ్వాలి.

ప్రశ్న: ఎక్సెల్ పైథాన్‌లో నా డిస్క్‌లోని సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసిన) ఫైల్‌ను పాండాస్ లైబ్రరీతో తెరవలేకపోతున్నాను.

జవాబు: తెరవలేరు. ఆ పైథాన్ మీ యంత్రంలో లేదు, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో విడిగా బిగించిన కంటైనర్‌లో ఉంది. దానికి మీ డిస్కూ కనిపించదు, ఇంటర్నెట్టూ అందదు. ముందు సీఎస్‌వీని ఎక్సెల్‌లో బయటి సమాచారం తెచ్చే సాధనమైన పవర్ క్వెరీతో తెచ్చి, పైథాన్ గడిలోని ఎక్స్‌ఎల్ ఫంక్షన్‌కు ఆ క్వెరీ పేరు ఇవ్వండి. గడిలో పరిధి ఇస్తుంటే శీర్షికల వరుస ఉన్నప్పుడు 'హెడర్స్' విలువ ట్రూ అని చెప్పాలి, లేకపోతే శీర్షికలు కూడా సమాచారంలో కలిసి అంకెల నిలువు వరుసలు టెక్స్ట్‌గా మారతాయి. కోడ్ పూర్తయ్యాక కంట్రోల్, ఎంటర్ నొక్కాలి. వట్టి ఎంటర్ కొత్త వరుస ఇస్తుంది.

కొత్తగా మొదలుపెట్టినవారిని ఎక్కువగా ముంచేది లెక్క జరిగే క్రమం. పైథాన్ గడులు ఎడమ నుంచి కుడికి, ఆ తర్వాత కింది వరుసకు, ఆపై తర్వాతి షీట్‌కు నడుస్తాయి. కింది గడిలో పెట్టిన చరరాశిని పై గడిలో వాడితే #పైథాన్! వస్తుంది. ఇంపోర్టులు, సమాచారం తెచ్చే కోడ్ మొదటి షీట్ పైభాగంలో పెట్టుకోండి.

ప్రశ్న: 64 బిట్ ఆఫీస్‌కు మారాక నా వీబీఏ కోడ్‌లో డిక్లేర్ (విండోస్ ఫంక్షన్లను వాడుకునే) వరుసలన్నీ ఎర్రగా మారాయి.

జవాబు: ప్రతి డిక్లేర్ తర్వాత పీటీఆర్‌సేఫ్ చేర్చండి. అంతటితో ఎరుపు పోతుంది కానీ పని పూర్తికాదు. విండో హ్యాండిళ్లు (విండోలను గుర్తించే సంఖ్యలు), మెమరీ చిరునామాలు పట్టుకునే చరరాశులను లాంగ్‌పీటీఆర్‌గా మార్చాలి. మిగతా లాంగ్ రకం చరరాశులను ముట్టుకోవద్దు, 64 బిట్‌లోనూ వాటి పరిమాణం 4 బైట్లే. కళ్లు మూసుకుని అన్నింటినీ మార్చేస్తే ఎక్సెల్ మొత్తం కూలిపోవచ్చు.

ప్రశ్న: ఎక్సెల్ నుంచి ఔట్‌లుక్‌తో మెయిల్ పంపే మాక్రో కొత్త కంప్యూటర్‌లో 429 తప్పు చూపుతోంది.

జవాబు: ఆ కంప్యూటర్‌లో 'కొత్త ఔట్‌లుక్' ఒక్కటే ఉండి ఉంటుంది. దానికి వీబీఏ గానీ, కామ్ పద్ధతి (ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని నడిపే దారి) గానీ లేదు, అందుకే మీ క్రియేట్‌ఆబ్జెక్ట్‌కు పట్టుకోవడానికి వస్తువు దొరకదు. క్లాసిక్ ఔట్‌లుక్ స్థాపించి ఖాతా చేరిస్తే పాత మాక్రో మార్పు లేకుండా నడుస్తుంది. కొత్తదానిలోనే ఉండాలంటే పంపే పనిని మాక్రో నుంచి తీసేయండి. గ్రహీత, విషయం, సారాంశం ఆఫీస్ స్క్రిప్ట్ నుంచి రిటర్న్ చేసి, పవర్ ఆటోమేట్‌లోని మెయిల్ దశకు అందించండి. దీనికి వ్యాపార లేదా విద్యా లైసెన్స్ కావాలి, ఫైల్ వన్‌డ్రైవ్‌లో గానీ షేర్‌పాయింట్‌లో గానీ ఉండాలి.