కుడిచేతి రెండు వేళ్లు వంగవు, కీబోర్డు మానేయాలా?

యాక్సిడెంట్‌లో రెండు వేళ్లు బిగుసుకుపోయాయి, కీబోర్డు వాయించడం మానేయమంటారా అని అడిగారు. మానొద్దండీ. నేనూ ఈ బాధ పడ్డాను. బండి మీంచి పడ్డాక ఉంగరం వేలు, చిటికెన వేలు వంగడం మానేశాయి. స నుంచి ద దాకా బాగానే వెళ్లేవాణ్ణి, ని దగ్గరికొచ్చేసరికి తడబాటు. మాస్టారు "ఇంక పాట నేర్చుకో నాయనా" అనేశారు. నాలుగు నెలలు కీబోర్డు మీద దుప్పటి కప్పి పెట్టాను.

అప్పుడే హొరేస్ పార్లన్ అనే జాజ్ పియానో వాద్యకారుణ్ణి విన్నాను. జాజ్ వినేవాళ్లలోనూ చాలామందికి ఈ పేరు తెలియదు. 1931లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. చిన్నప్పుడే పోలియో వచ్చి కుడిచెయ్యి కొంత దెబ్బతింది. మామూలుగా జాజ్ పియానోలో ఎడమచెయ్యి కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి నొక్కడం) పట్టుకుంటే, కుడిచెయ్యి పరుగులు తీస్తుంది. ఈయన దగ్గర ఆ పరుగులు తక్కువ. కుడిచేత్తో ఒక చిన్న ముక్క పట్టుకుని దాన్నే మళ్లీ మళ్లీ వాయిస్తారు, ఒకసారి తాళం మీద, ఒకసారి తాళానికి కాస్త పక్కన. కింద ఎడమచెయ్యి బరువైన కార్డులతో దాన్ని తోస్తూ ఉంటుంది. నాకైతే డప్పు దరువు గుర్తొచ్చింది.

బేస్ (మంద్రస్వరాల పెద్ద తీగల వాద్యం) వాయించే చార్లెస్ మింగస్ బృందంతో 1959లో వచ్చిన 'మింగస్ ఆ ఉమ్' ఆల్బమ్‌లో పియానో ఈయనదే. మీరు మాత్రం ఈయన 1960 నాటి ఆల్బమ్ 'అస్ త్రీ'తో మొదలుపెట్టండి. పియానో, బేస్, డ్రమ్స్ అంతే, చెయ్యి ఏం చేస్తోందో స్పష్టంగా వినబడుతుంది. తర్వాత డెన్మార్క్ వెళ్లి స్థిరపడ్డారు. 1977లో సాక్సోఫోన్ వాయించే ఆర్చీ షెప్‌తో కలిసి ఇద్దరే చేసిన 'గోయిన్ హోమ్' ఇంకా నెమ్మది. పార్లన్ 2017లో పోయారు.

ఇక మన సంగతి. ముందు ఫిజియోథెరపిస్టుకి చూపించండి, నొప్పి వస్తుంటే సాధన ఆపేయండి. నేను వేళ్ల లెక్క మార్చుకున్నాను. స రి గ మూడు వేళ్లతో, బొటనవేలు కిందినుంచి లాగి మ ప ద, మళ్లీ లాగి ని స. ఎడమచేతి కార్డులకి రోజూ అరగంట, లయ తప్పకుండా టిక్ టిక్ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని. ఆరు నెలలు విసుగే.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి భజనలకి నేనే వాయిస్తాను. స్పీడ్ పాటొస్తే మాత్రం లేచి పక్క ఫ్లాట్ కుర్రాడికి సీటు ఇచ్చేస్తాను.