బీకాం అమ్మాయికి సస్టైనబిలిటీ మైనర్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీకాం ఆనర్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. ప్రధాన సబ్జెక్టుతో పాటు చదివే రెండో సబ్జెక్టు, అంటే మైనర్, ఎంచుకోమని కాలేజీలో ఫారం ఇచ్చారు. తను సస్టైనబిలిటీ, అంటే వనరులను రేపటివాళ్లకూ మిగిలేలా వాడుకోవడం గురించిన సబ్జెక్టు, తీసుకుంటానంటోంది. నేను డేటా అనలిటిక్స్ తీసుకోమంటున్నాను. చెట్లు, కాలుష్యం, వాతావరణం సైన్సు వాళ్లు చదువుకునేవి కదా, కామర్స్ పిల్లకు వాటితో ఏం పని? రేపు ఉద్యోగం దగ్గర ఇబ్బంది పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీ ఇంటి కరెంటు బిల్లు ఒకటి తీయండి. అందులో వాడిన యూనిట్లు 200 అని ఉన్నాయనుకుందాం. మన దేశంలో ఎక్కువ కరెంటు ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి, ఒక్కో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతోంది. అంటే ఆ నెల మీ ఇంటి కరెంటు లెక్క 140 కిలోలు. ఈ లెక్క వేయడానికి బోటనీ రానక్కర్లేదు. చేతిలో బిల్లు ఉండాలి, ఒక గుణకారం రావాలి, వచ్చిన అంకెను ఏ పద్దు కింద రాయాలో తెలియాలి. మీ అమ్మాయి చదువుతున్నది ఇదే కదండీ.

ఇప్పుడు స్టాక్ మార్కెట్లో లిస్టయిన పెద్ద కంపెనీలన్నీ ఈ లెక్క వేయాల్సిందే. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2021లో బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సస్టైనబిలిటీ నివేదిక) అనేదాన్ని తెచ్చి, 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది. ఎంత కరెంటు వాడారు, ఎన్ని నీళ్లు తోడారు, చెత్త ఎటు పోయింది, పనివాళ్లకు బీమా ఉందా లేదా, అన్నీ అందులో చెప్పాలి. ముఖ్యమైన అంకెలను బయటివాళ్ల చేత సరిచూపించుకోవాలన్న నిబంధన 2023-24లో మొదటి 150 కంపెనీలతో మొదలై దశలవారీగా మిగతావాళ్లకూ వస్తోంది. సరిచూసేవాళ్లు కావాలంటే ఎక్కడి నుంచి వస్తారు? ఆడిట్ తెలిసినవాళ్లే రావాలి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ 2020లోనే దీనికోసం విడిగా ఒక బోర్డు పెట్టింది.

నా దగ్గర సలహా తీసుకున్న ఒక బీకాం అమ్మాయి జీడిమెట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో ఈ పనికే చేరింది. మొదటి నెలంతా తను కుస్తీ పట్టింది జనరేటర్ డీజిల్‌తో. పుస్తకాల్లో 'డీజిల్ ఖర్చు' అని రూపాయలు ఉన్నాయి, లీటర్లు లేవు. కార్బన్ లెక్కకు లీటర్లే కావాలి, లీటరుకు సుమారు 2.7 కిలోలు. పెట్రోల్ బంకు స్లిప్పులు తీస్తే సగం అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితాలయ్యాయి. ఆ రోజు ధర ఎంతో పట్టుకుని, రూపాయలను లీటర్లుగా మార్చి, జనరేటర్ నడిచిన గంటల లాగ్‌బుక్‌తో పోల్చి చూసుకుంది. చివరికి తను చేసిన మంచి పని ఇంకొకటి ఉంది: వోచర్ మీద లీటర్ల గడి ఒకటి పెట్టించింది. ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఆ ఫ్యాక్టరీలో చాలామందే ఉన్నా, వోచర్ దగ్గర లోపం ఉందని పట్టుకున్నది కామర్స్ పిల్ల.

మీరు దీన్ని డిగ్రీలో అందరూ రాసే పర్యావరణ విద్య పేపర్‌తో కలిపేస్తున్నారనిపిస్తోంది. ఆ పేపర్ 1991 నాటి సుప్రీంకోర్టు ఆదేశం వల్ల వచ్చింది, అందరికీ తప్పనిసరి, కొంచెం చదివితే గట్టెక్కేయొచ్చు. మైనర్ అలా కాదు. యూజీసీ 2022 చివర్లో ఇచ్చిన క్రెడిట్ల (ఒక్కో కోర్సు బరువును చెప్పే పాయింట్ల) పద్ధతి ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లుంటే అందులో కనీసం 24, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 ఉంటే కనీసం 32 మైనర్‌వి. చదువులో అయిదో వంతు. అందుకే మీరు ఇంతగా ఆలోచించడం సబబే.

రకరకాల సబ్జెక్టుల పిల్లలు ఒకే క్లాసులో కూర్చోవడం ఈ మైనర్‌లో నాకు బాగా నచ్చే విషయం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌నే తీసుకోండి. కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు ఒకప్పుడు డంపింగ్ యార్డుకు పోయేవి. తార్నాకలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐఐసీటీ టెక్నాలజీతో అక్కడ బయోగ్యాస్ ప్లాంట్ పెట్టారు. 2021లో ప్రధాని 'మన్ కీ బాత్'లో దాని గురించి మాట్లాడినప్పుడు చెప్పిన లెక్క, రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు. మైక్రోబయాలజీ పిల్లాడు అక్కడికెళ్తే ట్యాంకులో బ్యాక్టీరియా గురించి అడుగుతాడు. మెకానికల్ వాడు ఇంజన్ దగ్గర ఆగిపోతాడు. సోషియాలజీ చదివే అమ్మాయి చెత్త వేరుచేసే ఆడవాళ్ల కూలి ఎంతని అడుగుతుంది. మీ అమ్మాయి అడగాల్సింది, యూనిట్ ఎంతకు గిట్టుతోంది, చెత్త తోలే లారీ కిరాయి మిగిలినట్టు ఎక్కడ చూపించారు అని. నలుగురూ కలిసి ఒక్క ప్రాజెక్టు రాస్తే, అందులో ఒక్కొక్కరూ తమ సబ్జెక్టును కొత్తగా నేర్చుకుంటారు.

లా, ఎకనామిక్స్ పిల్లలకైతే జంట జలాశయాలు ఉన్నాయి. 1908 మూసీ వరద తర్వాత కట్టుకున్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చి 84 ఊళ్లలో కట్టడాలకు హద్దు పెట్టింది. నగరానికి నీళ్లు ముఖ్యమా, ఆ ఊళ్ల రైతుకు భూమి రేటు ముఖ్యమా అన్నది తేలికైన ప్రశ్న కాదు. సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లకు గ్రీన్ బిల్డింగ్స్ ఉన్నాయి, ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది.

ఇక ఉద్యోగం సంగతి. 'సస్టైనబిలిటీ' అని బోర్డు పెట్టి ఫ్రెషర్లను తీసుకునే పోస్టులు తక్కువే, ఇది మీకు దాచను. మీ అమ్మాయిని అకౌంటెంట్‌గానో ఆడిట్ అసిస్టెంట్‌గానో తీసుకుంటారు, ఆ తర్వాత ఈ నివేదికల పని వచ్చినప్పుడు టీంలో తెలిసింది తనొక్కతే అవుతుంది. కాబట్టి మేజర్‌లో, అంటే ప్రధాన సబ్జెక్టు కామర్స్‌లో, మార్కులు తగ్గకూడదు. అకౌంట్స్ రాకుండా కార్బన్ లెక్క ఒక్కటే వస్తే ఎవరికీ అక్కర్లేదు.

మీరన్న డేటా అనలిటిక్స్ కూడా మంచిదే. పోటీ పెట్టాల్సిన పని లేదు. ఎక్సెల్, డేటాబేస్ నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ కొంచెం సెలవుల్లో నేర్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక 'స్వయం' పోర్టల్ కోర్సుల క్రెడిట్లు కలుపుకోవడానికి యూజీసీ అనుమతి ఉంది, మీ కాలేజీ ఏ కోర్సులు ఒప్పుకుంటుందో అడగండి. పెద్ద బిల్లుల కుప్పను సర్దడానికి ఆ ఎక్సెల్ ఇక్కడ కూడా కావాల్సిందే.

నా మాట సస్టైనబిలిటీ వైపే, కానీ ఒక షరతు మీద. కాలేజీకి వెళ్లి సిలబస్ కాగితం చేతిలోకి తీసుకోండి. అందులో లెక్కించే పని ఏదైనా ఉందా? క్యాంపస్ కరెంటు, హాస్టల్ మెస్‌లో పారేసే అన్నం, ఏదో ఒకటి పిల్లలు స్వయంగా తూచి, కొలిచి రాస్తారా? బయటికి తీసుకెళ్తారా? పాఠం చెప్పేది ఎవరు, కామర్స్ నుంచి ఒక్కరైనా ఉన్నారా? పేపర్లన్నీ నిర్వచనాలు, పోస్టర్లు, మొక్కలు నాటే రోజు ఫొటోలైతే మొహమాటపడకుండా అనలిటిక్స్ వేయించండి. ఇంత ముఖ్యమైన సబ్జెక్టును అలా పలచన చేసే కోర్సులో పిల్ల 32 క్రెడిట్లు పోసుకోవడం నాకిష్టం లేదు.

ఫారం ఇచ్చేలోపు మీ అమ్మాయి చేత ఒక పని చేయించండి. గత 12 నెలల కరెంటు బిల్లులు, గ్యాస్ సిలిండర్లు, మీ బండి పెట్రోలు, అన్నీ ఒక షీట్‌లో వేసి ఇంటి లెక్క తీయమనండి. ఎండాకాలం నెలల్లో అంకె ఎందుకు ఎగిరిందో, దొరకని బిల్లుల స్థానంలో ఏం వేసిందో మీకు చెప్పమనండి. అది చెబుతున్నప్పుడు తన మొహం చూడండి. విసుగు కనిపిస్తే నాకు మళ్లీ రాయండి, అనలిటిక్స్ గురించి మాట్లాడుకుందాం.